పసుపు రాయించుకోని కాళ్లు

మా దొడ్డమ్మ చీర ఎప్పుడూ నేలకి జీరాడుతూ ఉండేది. "కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోవే, వీధిలో మట్టంతా ఊడ్చుకొస్తున్నావు" అని మా అమ్మమ్మ కేకలేసేది. "ఉండనీ అమ్మా, నాకిలాగే అలవాటు" అనేది దొడ్డమ్మ. మేం చిన్నపిల్లలం. అదేదో ఆవిడ షోకు అనుకునేవాళ్లం.

శ్రావణమాసం వచ్చిందంటే అమలాపురం దగ్గర ఆ పల్లెటూళ్లో రోజుకి రెండు మూడు పేరంటాలు. బొట్టు పెట్టి పిలవడానికి ఎవరొచ్చినా దొడ్డమ్మది ఒకటే జవాబు. "తలనొప్పిగా ఉందమ్మా, పిల్లని పంపిస్తాలే." ఆ పిల్లని నేనే. నానబెట్టిన శనగలు, అరటిపండు, తాంబూలం చేతిరుమాల్లో మూటకట్టుకుని వచ్చేదాన్ని. ఊరంతా నవ్వుతూ తిరిగే దొడ్డమ్మకి పేరంటమనగానే తలనొప్పి ఎందుకొస్తుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం అర్థమైంది. దొడ్డమ్మ వసారాలో చాపమీద పడుకుని నిద్రపోతోంది. చీర కాస్త పక్కకి తొలిగింది. ఎడమకాలు మోకాలి కిందనుంచి రోకలిబండలా లావుగా, నల్లగా, మడతలు పడి ఉంది. నేను భయపడి వంటింట్లోకి పరుగెత్తాను. అమ్మ నా నోరు మూసి, "ఎక్కడా అనకు. దొడ్డమ్మ కూతురికి పెళ్లి చెయ్యాలి" అంది.

పేరంటంలో కూర్చోగానే కాళ్లకి పసుపు రాస్తారు కదా! పసుపు రాయించుకోవాలంటే చీర అంచు బెత్తెడు పైకి లాగాలి. ఆ బెత్తెడు లాగలేక దొడ్డమ్మ ఎన్ని శ్రావణమాసాలు ఇంట్లోనే కూర్చుందో!

నీళ్లమీద పడిన నింద

బోదకాలు అంటే గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లుండరు. ఏనుగుకాలు అని కూడా అంటారు. మా చిన్నప్పుడు దాన్ని గురించి ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. "ఆ ఊరి నీళ్లు తాగితే వస్తుంది" అనేవాళ్లు కొందరు. అందుకే కొన్ని ఊళ్లకి పిల్లనిచ్చేవాళ్లు కాదు. వంశంలో ఉందనేవాళ్లు కొందరు, పూర్వజన్మ పాపమనేవాళ్లు మరికొందరు. దొడ్డమ్మకి నెలనెలా చలిజ్వరం వచ్చేది. గజ్జల్లో బిళ్ల కట్టేది. కాలు ఎర్రబడి ముట్టుకుంటే కాలిపోయేది. "అమావాస్య జ్వరం" అని పేరుపెట్టి ఆకులు నూరి కట్టేవాళ్లు. జ్వరం తగ్గేది, కాలు మాత్రం కాస్త లావెక్కేది. మళ్లీ జ్వరం, మళ్లీ వాపు.

పాపం నీళ్లు ఏం చేశాయి? తప్పంతా దోమది. అది కూడా ఈ మధ్య కనిపెట్టిన సంగతేమీ కాదు. ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు 1877లో చైనాలోని అమోయ్ రేవులో ఉండగానే ఈ ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చూశాడు. దోమ మనిషి జబ్బుని మోస్తుందని లోకానికి మొదట తెలిసింది ఈ పురుగు ద్వారానే. ఆ మాన్సన్ సలహాలతోనే రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు విప్పాడు. అది 1897 ఆగస్టు 20. అందుకే ఏటా ఆ రోజుని దోమల దినంగా జరుపుతారు. మాన్సన్ దోమని పట్టుకున్న దాదాపు వందేళ్ల తరవాత కూడా మా ఊళ్లో నీళ్లనే తిడుతూ కూర్చున్నామంటే ఏమనాలి?

చదువుకున్నదాన్ని... మాత్ర దాచేశాను!

ఇప్పుడు నా సంగతి చెబుతాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలి.

పెళ్లయ్యాక నేను కాకినాడ వచ్చేశాను. 2004 నుంచి మన దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు పంచడం మొదలుపెట్టారు. వాటి పేరు డీఈసీ. తరవాత నులిపురుగులకి వాడే ఆల్బెండజోల్ కూడా కలిపారు. ఆరోగ్య కార్యకర్త ఏటా వచ్చేది. "భోంచేశారా అండీ? అయితే నా ఎదురుగానే వేసుకోండి" అనేది. "ఇప్పుడే కాఫీ తాగాను, రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటాలే. అక్కడ పెట్టి వెళ్లు" అనేదాన్ని. ఆవిడ గుమ్మం దాటగానే ఆ మాత్రలు అలమరలో పాత బిస్కట్ల డబ్బాలోకి వెళ్లేవి. మరుసటి ఏడు ఇల్లు దులిపినప్పుడు చెత్తలోకి.

ఎందుకలా చేశానంటే కారణాలు బోలెడు. పక్కింటావిడకి మాత్ర వేసుకున్న రాత్రి జ్వరమొచ్చి వాంతులయ్యాయి. "నాకు జబ్బే లేదు, మందెందుకు?" అన్నది రెండో కారణం. ఊరికే పంచిపెట్టే మందు మంచిది కాదేమోనన్న అనుమానం మూడోది. బోదకాలు పల్లెటూరివాళ్లకి వచ్చేది గానీ, డాబా ఇంట్లో ఫ్యాను కింద పడుకునే నాకెందుకొస్తుందిలే అన్న ధీమా నాలుగోది. పైకి అనకపోయినా అసలు కారణం ఇదే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మాత్రం పెరట్లో నిలబడి గ్లాసుడు నీళ్లతో ఆ మాత్రలన్నీ గబుక్కున మింగేసేది. "మీరు కూడా వేసుకోండమ్మా" అని నాకే చెప్పేది. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని.

నేనొక్కదాన్నే అనుకోకండి. చాలా ఊళ్లలో మాత్రలు తీసుకున్నవాళ్లకీ, నిజంగా మింగినవాళ్లకీ లెక్క కుదరలేదని సర్వేలు మళ్లీ మళ్లీ చెప్పాయి. లెక్కల పుస్తకంలో మాత్ర పంచినట్టే ఉంటుంది. మాత్రేమో బిస్కట్ల డబ్బాలో ఉంటుంది.

రాత్రివేళ రక్తపరీక్ష

2012లో ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటింది. మావారు టీవీ చూస్తున్నారు. తలుపు తట్టిన చప్పుడైంది. చూస్తే ఇద్దరు ముగ్గురు మనుషులు. చేతిలో గాజుపలకల పెట్టె. ఫైలేరియా పరీక్ష కోసం వచ్చాం, వేలినుంచి చుక్క రక్తం కావాలి అన్నారు. "ఇదేం వేళండీ? పగలు రాలేరా?" అని మావారు విసుక్కున్నారు.

వాళ్లలో పెద్దాయన మాత్రం విసుక్కోలేదు. "పగలొస్తే పురుగు దొరకదండీ. పగలంతా అది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటుంది. రాత్రి దోమ కుట్టే వేళకి చర్మం దగ్గరికి వస్తుంది. మేం కూడా దోమలాగే రాత్రుళ్లు తిరగాల్సిందే" అన్నాడు. ఆ మాటకి మావారికీ నవ్వొచ్చింది. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి అందరికంటే ముందు వేలు చాపాడు. వాడు ఇచ్చాక మేమూ ఇవ్వక తప్పలేదు.

కొన్ని రోజులకి ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. మావారికీ అబ్బాయికీ ఏమీ లేదు. నా రక్తంలో మాత్రం ఫైలేరియా పిల్లపురుగులు ఉన్నాయి!

నా కాళ్లకేసి చూసుకున్నాను. వాపు లేదు, నొప్పి లేదు. ఏనాడూ చలిజ్వరం రాలేదు. "పొరపాటేమో చూడండి" అన్నాను. "పొరపాటు కాదమ్మా. ఒంట్లో పురుగున్న చాలామందికి పైకి ఏమీ తెలియదు. ఏళ్ల తరబడి మామూలుగానే ఉంటారు. లోపల తల్లిపురుగులు మాత్రం లింఫు నాళాల్లో కూర్చుని వాటిని పాడుచేస్తూనే ఉంటాయి" అని చెప్పాడు. కాసేపాగి, "మిమ్మల్ని కుట్టిన దోమ పదిపన్నెండు రోజులు పోయాక ఇంకొకరిని కుడుతుంది. మీ పురుగు వాళ్ల ఒంట్లోకి చేరుతుంది" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అబ్బాయి నా పక్క గదిలోనే పడుకుంటాడు. పనావిడ చంటిపిల్లని మా వరండాలోనే పడుకోబెట్టి అంట్లు తోముకుంటుంది. నా కాలు దొడ్డమ్మ కాలులా అవుతుందేమోనన్న భయం ఒకవైపు. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. ఆ పిల్ల తల్లి ఏటా మాత్ర మింగుతూ వచ్చింది. నేను చెత్తలో పారేస్తూ వచ్చాను. ఇద్దరిలో చదువుకున్నదాన్ని ఎవరంటారు?

పన్నెండు రోజుల మందు

నాకు పన్నెండు రోజులు డీఈసీ మాత్రలు ఇచ్చారు. పైసా తీసుకోలేదు. మొదటిరోజు రాత్రి తలనొప్పి, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం. "చూశావా, పక్కింటావిడకి అయినట్టే అయింది" అని మావారు కంగారుపడ్డారు. పొద్దున్నే ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మని అడిగితే, "మందు పనిచేస్తోందన్నమాట. పిల్లపురుగులు చచ్చేటప్పుడు ఒంట్లో ఇలా అవుతుంది. పురుగులు లేనివాళ్లకి సాధారణంగా ఏమీ అవదు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది" అంది. అన్నట్టే తగ్గిపోయింది. పక్కింటావిడకి ఆ రోజు జ్వరం ఎందుకొచ్చిందో అప్పుడు నాకు తట్టింది!

"ఏటా ఎందుకు వేస్తారు, ఒకేసారి గట్టి మందిచ్చి వదిలిపెట్టకూడదా?" అని కూడా అడిగాను. ఆవిడ చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఈ మందు ముఖ్యంగా రక్తంలో తిరిగే పిల్లపురుగుల్ని చంపుతుంది. తల్లిపురుగులు అంత తేలిగ్గా చావవు. అవి నాలుగైదేళ్లకి పైగా బతుకుతాయి, లక్షల్లో పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. అందుకని ఏటా ఊరంతా మందు వేసుకుంటే దోమకి పురుగు దొరకదు. అలా కొన్నేళ్లు గడిచేసరికి తల్లిపురుగులు ముసలివై చస్తాయి. అక్కడితో గొలుసు తెగిపోతుంది. ఇది తెగాలంటే ఊళ్లో ఉన్న మొత్తం జనంలో నూటికి 65 మందైనా ప్రతి ఏడూ మాత్ర మింగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నేను నా మాత్ర దాచేసుకున్నప్పుడు ఊరి లెక్కలోంచి ఒక అంకె తీసేశానన్నమాట.

జరగని పని కూడా కాదు. చైనావాళ్లు వంటల్లో వాడే ఉప్పులోనే డీఈసీ కలిపి జనానికి తినిపించారు. 2007 నాటికి ఫైలేరియాని వదిలించుకున్నారు. మన పక్కనున్న శ్రీలంక, మాల్దీవులు 2016లో, బంగ్లాదేశ్ 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో శభాష్ అనిపించుకున్నాయి. మన దేశంలో 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చి మూడు మందులు ఇస్తున్నారు. 2027కల్లా బోదకాలు వ్యాధిని లేకుండా చేయాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న గడువు. మాత్రలు పంపడం వాళ్ల వంతు. మింగడం మన వంతు.

ఏ దోమ ఎక్కడ?

దోమలన్నీ ఒకటే అనుకుంటాం గానీ వాటికీ ఇష్టాయిష్టాలున్నాయి. డెంగీ తెచ్చే చారల దోమకి శుభ్రమైన నీళ్లు కావాలి. కూలరు, పూలకుండీ కింద పళ్లెం, డాబా మీద మూతలేని తొట్టి దానికి స్వర్గం. పగటిపూట కుడుతుంది. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది. బావులు, కాలవలు, గుంటలు, మూతలేని ట్యాంకుల్లో గుడ్లు పెడుతుంది. ఫైలేరియా తెచ్చే క్యూలెక్స్ దోమకి మురుగంటే ప్రాణం. కదలని మురుగుకాలవ, ఇంటి వెనక గుంట, సెప్టిక్ ట్యాంకు దాని ఇళ్లు.

మా వీధిలో ఆడవాళ్లం పదిమందిమి కలిసి మొదట చేసింది చాలా చిన్న పని. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టాలకి నైలాను వల ముక్కలు కట్టించాం. ముక్క పది రూపాయలు కూడా పడలేదు. దోమ లోపలికి పోలేదు, లోపలున్నది బయటికి రాలేదు. ట్యాంకు మూతల పగుళ్లు సిమెంటుతో పూడ్పించాం. మురుగుకాలవలో ప్లాస్టిక్ సంచులు అడ్డంపడి నీళ్లు నిలిచేవి. దాని గురించి అర్జీలు పెట్టి పెట్టి విసుగొచ్చింది. ఆఖరికి ఆదివారాల్లో మగవాళ్లచేత పారలు పట్టించాం. "నీళ్లు కదిలితే దోమ గుడ్డు పెట్టదు" అని చెబితే మావారే ముందు దిగారు! రాత్రిపూట దోమతెరలు సరేసరి.

దొడ్డమ్మ కాలు

నా మందు అయిపోగానే నేను చేసిన మొదటి పని దొడ్డమ్మ దగ్గరికి వెళ్లడం. అప్పటికి ఆవిడకి 68 ఏళ్లు. "నాకూ ఆ పురుగొచ్చింది దొడ్డమ్మా" అన్నాను. ఆవిడ నన్ను దగ్గరకు తీసుకుని గట్టిగా ఏడ్చింది. "నాదే అంటుకుందా నీకు?" అని అడిగింది. ఇన్నేళ్లూ ఆవిడ మోసింది కాలు బరువొక్కటే కాదని అప్పుడు తెలిసింది నాకు. ముట్టుకుంటే అంటుకునేది కాదని, దోమ కుడితేనే వస్తుందని, అదీ ఏదో ఒకసారి కుట్టినంత మాత్రాన రాదని, నెలల తరబడి ఎన్నోసార్లు కుడితేనే వస్తుందని చెప్పాను. "మరి ఈ మాట ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమే?" అంది.

బలవంతాన ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఉన్నమాటే చెప్పింది. "ఇంతగా ముదిరిన వాపు పూర్తిగా పోదు. కానీ ఈ జ్వరాలు ఆపవచ్చు. జ్వరాలు ఆగితే కాలు ఇంకా లావెక్కదు." అమావాస్య జ్వరానికి అమావాస్యతో సంబంధం లేదట. వేళ్లసందుల్లో పాసినా, మడతల్లో చిన్న పుండు పడినా అందులోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. అందుకే జ్వరం, అందుకే గజ్జల్లో బిళ్లలు. దానికి మందు ఆకుపసరు కాదు, సబ్బూ నీళ్లూ!

ఒక ప్లాస్టిక్ టబ్బు, మగ్గు, సబ్బు, మెత్తటి తువ్వాలు, ఒక ట్యూబు మందు. ఇవి పెట్టి కాలు ఎలా కడుక్కోవాలో అరగంట కూర్చోబెట్టి నేర్పించారు. డాక్టరమ్మ ఆ కాలుని తన చేతులతో పట్టుకుని వేళ్లసందులు తుడిచింది. దొడ్డమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. ముప్ఫై ఏళ్లకి పైగా ఆ కాలిని ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఇంట్లో ఎవరికైనా బోదకాలు ఉంటే...

- రోజూ పొద్దున్నా రాత్రీ సబ్బుతో, మామూలు నీళ్లతో మెల్లగా కడగాలి. బ్రష్‌తో రుద్దకూడదు. వేడినీళ్లు వద్దు.
- మెత్తటి బట్టతో తడి పూర్తిగా అద్దాలి. వేళ్లసందులు, మడతలు మరీ ముఖ్యం. పాసిన చోట డాక్టరు ఇచ్చిన మందు రాయాలి.
- కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద, పడుకున్నప్పుడు దిండు మీద ఎత్తుగా పెట్టుకోవాలి. మడమని రోజూ కాసేపు అటూ ఇటూ తిప్పుతుండాలి.
- కాలికి సరిపోయే వదులైన చెప్పులు వేసుకోవాలి. ఉత్తికాళ్లతో తిరగొద్దు.
- జ్వరం, మంట వచ్చినప్పుడు కాలికి వ్యాయామం మానేసి తడిబట్ట వేసి డాక్టరుకి చూపించాలి. సూదితో పొడవడం, కోయడం, పసర్లు కట్టడం అసలే వద్దు.
- మగవాళ్లలో ఇదే పురుగువల్ల వరిబీజం వస్తుంది. దానికి ఆపరేషన్ ఉంది, నయమవుతుంది. సిగ్గుపడి దాచుకోనివ్వకండి.

మాత్రలు ఇంటికొస్తే...

- పరగడుపున వద్దు. ఏమైనా తిన్నాక, ఇచ్చినవాళ్ల ఎదురుగానే వేసుకోండి.
- వయసుని బట్టి ఎన్ని మాత్రలో వాళ్లే లెక్క చెబుతారు. ఎక్కువా తక్కువా చేయకండి.
- గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు. ముందే చెప్పండి.
- తలనొప్పి, కొద్దిపాటి జ్వరం వస్తే భయపడకండి. తగ్గకపోతే ఆరోగ్య కేంద్రానికి కబురు చేయండి.

నాకు ఆర్నెల్ల తరవాత రాత్రిపూట మళ్లీ పరీక్ష చేశారు. పురుగు కనిపించలేదు. ఆ ఏడాది నుంచి మాత్రలు పంచే రోజున నేనే ఆ కార్యకర్త వెంట మా వీధంతా తిరిగాను. "తిన్నాక వేసుకుంటాం" అన్నవాళ్లింట్లో కూర్చుని, "తినండి, అంతవరకూ ఉంటాను" అనేదాన్ని. కొందరు మొహం ముడుచుకునేవాళ్లు. బిస్కట్ల డబ్బా కథ చెబితే నవ్వేసి నోరు తెరిచేవాళ్లు.

ఇక దొడ్డమ్మ. నెలనెలా వచ్చే జ్వరం ఏడాదికి ఒకటీ రెండుసార్లకి తగ్గింది. మడతల్లో పుండ్లు మానాయి. కాలు సన్నబడలేదు గానీ బరువు తగ్గినట్టుంది అనేది. 2013 శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి మా ఇంటికి రమ్మన్నాను. తలనొప్పి అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. వచ్చి అందరితోపాటు చాపమీద కూర్చుంది. నేను పసుపు గిన్నె పట్టుకుని వరసలో ఒక్కొక్కరికీ రాసుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. తరవాత చీర అంచు బెత్తెడు పైకి లాగి, ముందు కుడికాలు, ఆ తరవాత ఎడమకాలు చాపింది.

పక్కన కూర్చున్న ఆవిడ, "ఎప్పట్నించండీ ఇది?" అని అడిగింది. "నీ వయసప్పట్నించీ. నీళ్లవల్ల కాదమ్మా, దోమవల్ల" అంది దొడ్డమ్మ. "మీ ఇంటికి మాత్రలు తెచ్చారా? మింగావా, దాచావా?"

ఆవిడ జవాబు చెప్పకుండా నాకేసి చూసింది. నాకు తెలుసు ఆ చూపు! వెళ్లేటప్పుడు తాంబూలంతో పాటు, ఇంటికెళ్లి అలమర వెతుక్కోమని కూడా చెప్పి పంపాను.